థార్‌కి లిఫ్ట్ కిట్ వేయించాలా? పిల్లలతో అనంతగిరి, రాచకొండ తిరగడానికి మాత్రమే

నల్లగండ్ల_నాన్న:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. బండి 2022 మహీంద్రా థార్, ఎల్‌ఎక్స్ డీజిల్ మాన్యువల్, ఫోర్ బై ఫోర్, హార్డ్ టాప్. ఇంట్లో నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. పోటీలకు వెళ్లే ఉద్దేశం అసలు లేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వికారాబాద్ వైపు, కోట్‌పల్లి చెరువు చుట్టుపక్కల మట్టిబాటలు, లేదంటే రాచకొండ గుట్టల దగ్గర రాళ్ల బాటలు తిరిగి, సాయంత్రానికి ఇంటికి చేరుకోవడం, అంతే.

మొన్న రాచకొండ దగ్గర వెనక పక్క కింద ఏదో రాయికి గట్టిగా గీసుకుంది. అది చూపిద్దామని ఒక మోడిఫికేషన్ షాపుకి వెళ్తే అతను పూర్తి ప్యాకేజీ లెక్క రాసిచ్చాడు. రెండు అంగుళాల లిఫ్ట్ (బాడీని పైకి లేపే కిట్టు), 33 అంగుళాల మడ్ టెరైన్ టైర్లు, ఇనుప బంపర్, దాని మీద వించ్ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగేది), టాప్ మీద లైట్ బార్, స్నార్కెల్ (ఇంజన్‌కి గాలిని పైనుంచి అందించే గొట్టం). అన్నీ కలిపి నాలుగు లక్షల దాకా. "ఫ్యామిలీతో వెళ్తున్నారు కదా సార్, సేఫ్టీ ముఖ్యం" అంటాడు. మా ఆవిడేమో "ముందు నువ్వు ఆ వెనక సీట్లో ఒక గంట కూర్చొని రా, తర్వాత నాలుగు లక్షల సంగతి మాట్లాడదాం" అంటోంది. నిజంగా ఇవన్నీ అవసరమా, లేక ఇందులో ఏవో రెండు మూడు చేయిస్తే సరిపోతుందా?

రాణిగంజ్_రెంచి:
బ్రో, ముందు ఆ గీసుకున్నది ఎక్కడో బండి కింద పడుకొని చూడండి. వెనక అన్నారు కాబట్టి చాలావరకు డిఫరెన్షియల్ గుండు (వెనక ఇరుసు మధ్యలో గేర్లు ఉండే ఉబ్బు) అయి ఉంటుంది. అదే అయితే లిఫ్ట్ కిట్ వల్ల మీకు ఒరిగేది సున్నా. ఎందుకంటే థార్‌కి వెనక ఉన్నది సాలిడ్ యాక్సిల్, గుండు ఆ యాక్సిల్ మీదే ఉంటుంది, యాక్సిల్ చక్రాల మీద ఉంటుంది. స్ప్రింగ్ కింద స్పేసర్ పెట్టినా, పొడుగు స్ప్రింగ్ వేసినా లేచేది బాడీ మాత్రమే, గుండుకీ రాయికీ మధ్య దూరం మారదు. అది పెరగాలంటే టైరు పెద్దది కావాలి, అందులోనూ పెరిగిన వ్యాసంలో సగమే మీకు దక్కుతుంది.

లెక్క వేసి చూపిస్తా. మీ స్టాక్ టైరు 255/65 ఆర్18, అంటే వ్యాసం దాదాపు 789 మి.మీ. ఆయన చెప్పే 33 అంగుళాల టైరు 285/70 ఆర్17 అనుకుంటే 831 మి.మీ. వస్తుంది. తేడా 42, గుండు కింద పెరిగేది 21 మి.మీ. ఈ 21 మి.మీ. కోసం ఎన్ని తలనొప్పులో చూడండి. స్పీడోమీటరు 5 శాతం తక్కువ చూపిస్తుంది, మీటరులో 80 ఉంటే బండి 84లో పోతుంది. గేర్లన్నీ కాస్త బరువెక్కినట్టు ఉంటాయి, ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు)లో మెల్లగా పాకాల్సిన చోట బండి కొంచెం తొందరపడుతుంది, చక్రం బరువు వల్ల బ్రేకు ఇంకాస్త గట్టిగా తొక్కాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లైనర్‌కి రాసుకుంటుంది.

ఇక ముందు పక్క సంగతి వేరు, అక్కడ ఇండిపెండెంట్ సస్పెన్షన్. లిఫ్ట్ వేస్తే డ్రైవ్ షాఫ్టులు వాలుగా తిరగాల్సి వస్తుంది, సీవీ జాయింట్ (షాఫ్టు చివర వంగే కీలు) రబ్బరు బూటు ముడతల దగ్గర చిట్లుతుంది, గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. బాల్ జాయింట్లు కూడా త్వరగా లూజు అవుతాయి. పైగా చౌక స్పేసర్ వేస్తే చక్రం కిందికి జారే దూరం తగ్గిపోతుంది కాబట్టి గుంతలో చక్రం నేలను వదిలేస్తుంది. ఆఫ్‌రోడ్ కోసం వేయించిన కిట్టు ఆఫ్‌రోడ్‌లోనే పట్టు పోగొడితే ఇక దేనికది?

కంపెనీ లెక్క ప్రకారం గ్రౌండ్ క్లియరెన్స్ 226 మి.మీ., ముందు ఎక్కే కోణం 41 డిగ్రీల పైనే, పొట్ట కోణం (గుట్ట దాటేటప్పుడు బండి అడుగు తగలకుండా ఉండే కోణం) 27. మీరు చెప్పిన బాటలకి ఇది బోలెడు. వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ మీ వేరియంట్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉంటే దానికి బటన్ ఏమీ ఉండదు, ఒక చక్రం ఉత్తినే తిరిగినప్పుడు దానంతటదే పట్టుకుంటుంది. అప్పుడు కంగారుపడి కాలు తీసేయకుండా యాక్సిలరేటర్ సమంగా పట్టుకొని ఉండాలి, అంతే.

నేనైతే కింద ప్లేటు ఒక్కటి వేయిస్తా. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేరు పెట్టె), ట్యాంకు దగ్గర ఇప్పుడు ఏముందో చూసుకొని, లేని చోట మాత్రమే. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి చెయ్యి పోయేలా కన్నం ఉండాలి, లేకపోతే ప్రతి సర్వీసులో మెకానిక్ మిమ్మల్ని తిట్టుకుంటాడు. డీజిల్ బీఎస్6 కదా, డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) బాగా వేడెక్కుతుంది. ఎండాకాలంలో ప్లేటుకీ సైలెన్సర్‌కీ మధ్య ఎండుగడ్డి ఇరుక్కోకుండా చూసుకోండి, మోకాలెత్తు ఎండుగడ్డిలో బండి ఆపి టిఫిన్ బాక్సులు తెరవకండి.

చెల్క_రేగడి:
రెంచి అన్న చెప్పింది కరెక్టే, కానీ ప్లేటు కూడా తొందరేం లేదు అంటా నేను. ఆ డబ్బుతో ముందు మంచి ఎయిర్ కంప్రెసర్, నమ్మకమైన ప్రెషర్ గేజ్ కొనండి. ఎల్‌ఎక్స్‌కి షోరూమ్ నుంచే ఆల్ టెరైన్ (ఏటీ) టైర్లు వస్తాయి, అవి అరిగేదాకా వాడుకోండి. తర్వాత కూడా అదే సైజులో ఏటీ వేయించండి, ఎంటీ (మడ్ టెరైన్) వద్దు. చేవెళ్ల రోడ్డు మీద ఆ హోరుకి పిల్లలు నిద్రపోరు, తడిసిన తారు మీద బ్రేకు కూడా ఏటీ అంత బాగా పడదు. మీ ప్రయాణంలో ముప్పాతిక భాగం తారు రోడ్డే కదా.

బాట మొదలయ్యే చోట ఆపి, డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్‌కి పావు వంతో, ఇంకాస్త ఎక్కువో తగ్గించండి. 22, 24 పీఎస్ఐ దగ్గర రాళ్ల బాటలో బండి నడిచే తీరే మారిపోతుంది, టైరు రాయి మీద కూర్చొని పట్టుకుంటుంది, వెనక సీటు కుదుపు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది. మీ మేడమ్ గారి గొడవకి మొదటి మందు ఇదే, పైసా ఖర్చు లేనిది. మామూలు రిమ్ముతో 18 కంటే కిందికి పోవద్దు, పక్కకి తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తగ్గించినంతసేపు వేగం 30, 40 దాటకండి, తారు ఎక్కేముందు మళ్లీ నింపండి. కంప్రెసర్‌ని సిగరెట్ సాకెట్‌కి పెట్టే చిన్న బొమ్మలాంటిది కాకుండా నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది తీసుకోండి. సాకెట్ ఫ్యూజు కాలిపోతే నాలుగు చప్పటి టైర్లతో అక్కడే కూర్చోవాలి.

ఇంకో మాట. మన వైపు నేల రెండు రకాలు, చెల్క, రేగడి. వాన పడ్డ మర్నాడు చెల్కలో హాయిగా పోవచ్చు, నీళ్లు ఇంకిపోతాయి. రేగడిలో మాత్రం ఏ టైరైనా ఒకటే, పది గజాలు పోయేసరికి గాళ్లన్నీ జిగురు మట్టితో నిండి టైరు నున్నగా గుండయిపోతుంది. శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు బాటల్లో ఈ రెండూ పక్కపక్కనే తగులుతాయి. నల్లమట్టి తడిగా కనిపిస్తే దిగి మడమతో ఒక్కసారి తొక్కి చూడండి, చెప్పుకి అంటుకొని లేస్తే వెనక్కి తిప్పేయడమే. రైతు గట్టు మీద ఎక్కించకండి, పొలంలో చాళ్లు చేయకండి. మనం ఒకరోజు పోయి పాడుచేస్తే తర్వాత వచ్చే ప్రతి బండినీ ఊరోళ్లు ఆపుతారు. అడవిలో బోర్డు ఉన్న చోటికి పర్మిషన్ లేకుండా పోవద్దు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అయితే బాట దిగే ఆలోచనే పెట్టుకోవద్దు.

స్నార్కెల్ గురించి ఎవరూ చెప్పలేదు. థార్ వేడింగ్ లెక్క (ఎంత లోతు నీళ్లలో పోవచ్చో) 650 మి.మీ., అది నిలవ నీళ్ల సంగతి. వానాకాలంలో వాగు మీద కాజ్‌వే దాటేటప్పుడు ప్రమాదం ఇంజన్‌లోకి నీళ్లు పోవడం కాదు, పారే నీళ్లు బండిని పక్కకి తోసెయ్యడం. దానికి స్నార్కెల్ ఏం చేస్తుంది? పిల్లలు ఉన్నప్పుడు పారే వాగులో దిగే ప్రశ్నే లేదు.

తార్నాక_స్వప్న:
అందరూ బండి కిందే చూస్తున్నారు, లోపల కూర్చునేవాళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. 😀 మీ ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మీ 2022 మూడు డోర్ల థార్ వెనక సీటులో అద్దాలు దిగవు, ఏసీ వెంట్ లేదు, పిల్లల ఎత్తుకి కిటికీలోంచి బయట సరిగా కనబడదు, దానికి తోడు కుదుపు. వాంతి రాకపోతేనే ఆశ్చర్యం. మా ఇంట్లో కూడా ఇదే బండి, బాట బాగాలేనప్పుడు స్టీరింగ్ నా చేతికే వస్తుంది కాబట్టి మా ఆయన వెనక కూర్చొని ఈ కష్టాలన్నీ అనుభవించారు, ఆ మర్నాటి నుంచే ఇంట్లో మార్పులు మొదలయ్యాయి.

ఐదేళ్ల పాపకి ఐసోఫిక్స్ సీటు (బండి సీటులోని ఇనుప కొక్కేలకి నేరుగా బిగించేది) తీసుకోండి. తలకి రెండు పక్కలా రెక్కలు ఉన్నది, ఎత్తుకీ బరువుకీ సరిపోయేది. నడుము ఎత్తి కూర్చోబెడితే పాపకి బయట కనబడుతుంది, వికారం సగం అక్కడే పోతుంది. బాబుకి బెల్టు మెడ మీదకి వస్తుంటే బూస్టర్ పెట్టండి. "ఇక్కడ పదిలోనే పోతున్నాం కదా" అని బాటలో బెల్టు తీయనివ్వకండి, తల తగిలేది ఆ పదిలోనే. లోపల రోల్ కేజ్ గొట్టం పిల్లల తల దగ్గర ఉంటుంది, దానికి గట్టి ఫోమ్ చుట్టించండి. మెత్తటి స్పాంజి కాదు, నొక్కితే సగం మాత్రమే లోపలికి పోయే రకం.

వెనక డిక్కీలో నీళ్ల క్యాను, జాకీ, కంప్రెసర్ ఏదీ వదులుగా ఉండకూడదు. సరిగ్గా పిల్లల తల వెనకే అవి ఉంటాయి. కింద హుక్కులకి పట్టీలతో బిగించండి. మా దగ్గర స్టీలు టిఫిన్ క్యారియర్ ఒకసారి సీటు మీదుగా ఎగిరి ముందుకి వచ్చింది, అదృష్టం బాగుండి గేర్ రాడ్‌కి తగిలి ఆగింది. టాప్ మీద క్యారియర్ పెట్టి బరువంతా పైకెక్కించకండి, పొట్టి బండి, ఎత్తు బండి, పక్కకి వాలిన బాటలో ఆ బరువు తెలుస్తుంది. లిఫ్ట్ వేస్తే ఆ భయం ఇంకొంచెం పెరుగుతుంది, పైగా ఐదేళ్ల పిల్ల, మా అత్తగారి వయసు వాళ్లు ఎక్కాలంటే నిచ్చెన కావాలి. నాలుగు లక్షల్లో నేను ఖర్చు పెట్టేది ఏదైనా ఉంటే అది ఎక్కడానికి సైడ్ స్టెప్, అది కూడా రాయికి తగలనంత పైకి బిగించేది.

కోర్టు_మెట్లు:
చట్టం సంగతి కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఓనర్‌కి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అని గమనించండి, మీ షాపతని ప్యాకేజీలో ఎన్ని మార్పులున్నాయో లెక్కపెట్టుకోండి. ఇనుప బంపర్, బుల్ బార్ వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఎదుటి మనిషికి దెబ్బ ఒకటైతే, మీ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క తప్పడం ఇంకోటి. చెప్పకుండా చేయించిన మార్పు ఉంటే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. ఫ్యామిలీ సేఫ్టీ అని ఇనుప బంపర్ అమ్మేవాడి ధైర్యానికి దండం పెట్టాలి.

నల్లగండ్ల_నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇందాక చాప వేసుకొని కిందకి దూరి చూశాను, గీత గుండు మీదే పడింది, రెంచి బ్రో చెప్పినట్టే. పెయింటు లేచింది, ఆయిల్ చెమ్మ లేదు. లిఫ్ట్, బంపర్, స్నార్కెల్ అన్నీ కొట్టేశాను. వించ్ ఒక్కటే మనసులో పీకుతోంది, నిజంగా ఇరుక్కుంటే ఎలా?

రాణిగంజ్_రెంచి:
గుండు గీసుకుందంటే రాయిని రెండు చక్రాల మధ్యకి తెచ్చుకున్నారన్నమాట. రాయి మీదకి ఒక చక్రాన్ని ఎక్కించండి, గుండు దానితో పాటే లేస్తుంది. మేడమ్‌ని దింపి ముందు నిలబెట్టి చేత్తో సైగలు చేయించుకుంటే ఇంకా మంచిది, మాటలు ఇంజన్ చప్పుడులో వినబడవు.

వించ్ ముందు పక్క ఊరికే బరువు. దానికి బదులు ఇంకో బండితో కలిసి వెళ్లండి, ఒక పార పెట్టుకోండి, ఒక కైనెటిక్ తాడు, రెండు సాఫ్ట్ షాకిళ్లు (తాడుతో చేసిన కొక్కేలు). మీ బండికి 8, 9 టన్నుల తాడు సరిపోతుంది. అది సాగి గుంజుతుంది, మామూలు టోయింగ్ పట్టీ సాగదు, దాంతో ఝటకా ఇచ్చారంటే హుక్కు ఊడి అద్దంలోకి వస్తుంది. లారీ మీద బండి ఎక్కించినప్పుడు కట్టే రింగుకి గానీ, ట్రైలర్ బాల్‌కి గానీ తాడు తగిలించొద్దు, ఛాసిస్‌కి బిగించిన రికవరీ పాయింటుకే. ముందు పార తీసి చక్రాల ముందు మట్టి తవ్వండి, సగం సార్లు తాడు అవసరమే రాదు.

తార్నాక_స్వప్న:
తాడు బిగిసే ముందు పిల్లల్ని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపించండి, అదీ పక్కకి, తాడు గీతలో కాదు. వాళ్లకి వీడియో తీసే పని అప్పగిస్తే దూరం నుంచి కదలరు.

నల్లగండ్ల_నాన్న:
ఓకే అక్కా. కంప్రెసర్, గేజ్, పాప సీటు ఈ వారమే ఆర్డర్ పెడుతున్నా. ఫోమ్ రాణిగంజ్‌లో మీటరు లెక్కన దొరుకుతుందా, లేక సీటు కవర్ల షాపులోనే అడగాలా?

రాణిగంజ్_రెంచి:
సీటు కవర్ల వాళ్ల దగ్గరే అడగండి, గొట్టం మందం కొలిచి తీసుకెళ్లండి. పైన రెక్సిన్ కుట్టించి జిప్పు పెట్టించండి, వాంతి పడితే తీసి కడుక్కోవచ్చు.