అప్‌డేట్: చిన్న మోడల్ రైల్వే లేఅవుట్‌కి పాల రైలు ఖాయం

బొగ్గు, సిమెంటు కాకుండా రైల్లో వెళ్లే వింత సరుకేదైనా చెప్పండి, బల్ల మీద పట్టేంత మోడల్ రైల్వే కట్టాలి అని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో రేణిగుంట పాల రైలు నాకు తెగ నచ్చేసింది. 2020 మార్చిలో, లాక్‌డౌన్ వేళ ఢిల్లీకి మొదలైన దూద్ దురంతో అనే పాల ప్రత్యేక రైలు అది. ఒక్కో ట్యాంకర్‌కి 40,000 లీటర్లు, మామూలుగా ఆరు ట్యాంకర్లు. అంటే దాదాపు రైలు మొత్తం బల్ల మీదే పట్టేస్తుంది! బొగ్గు రైలు అయితే యాభైకి పైగా వ్యాగన్లు, ఎక్కడ పెడతాం?

1:87 స్కేల్‌లో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, మొదటి ట్యాంకర్ పీవీసీ గొట్టంతో తయారైంది. పక్కన నిచ్చెనకి రాగి తీగ వాడాను, మెట్టు మెట్టూ టంకం వేసి. చాలా ముచ్చటగా ఉంది. ఇప్పుడు రోడ్డు ట్యాంకర్లు వచ్చి పాలు దింపే చోటు కడుతున్నాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.