పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: 4 జీబీ ర్యామ్ సరిపోతుందా?

ప్రశ్న: విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసినందున, 4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్ వేయాలనుకుంటున్నాను. అమ్మ అందులో తెలుగు టైపు చేయగలదా?

జవాబు 1: మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎంచుకోండి, దానికి 4 జీబీ చాలు. ముందుగా మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచే ల్యాప్‌టాప్‌ను బూట్ చేసి (అంటే మొదలుపెట్టి), ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, శబ్దం, తెర వెలుతురు సరిగా ఉన్నాయో లేదో చూడండి. ఫోటోలను మాత్రం తప్పకుండా వేరే డిస్కులో దాచుకోండి.

జవాబు 2: హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) వేయించండి. మా యంత్రానికి ప్రాణం లేచివచ్చింది దానివల్లనే.

జవాబు 3: మీ ల్యాప్‌టాప్‌లో బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ ఉండి, అది పనిచేయకపోతే, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఇంటర్నెట్ ఇచ్చి, మింట్‌లో ఉండే డ్రైవర్ మేనేజర్ (చిప్‌లకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను వేసేది) తెరవండి. అమ్మగారి కోసం కీబోర్డు సెట్టింగులలో తెలుగు లేఅవుట్ చేర్చండి. అది ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) పద్ధతి కనుక, అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపే ఉంటాయి.