'పాడుబడ్డ' చర్చి అనవచ్చా?

పోస్టు: నార్మండీ పల్లెల మీద ఒక ఫ్రెంచి వ్యాసం తెలుగు చేస్తున్నాను. కాన్ నగరానికి వాయవ్యంగా తాన్ అనే ఊరి దగ్గర, మ్యూ వాగు లోయలో, చెట్ల మధ్య పునీత పేతురు పేరిట ఒక చర్చి ఉంది. 11, 12 శతాబ్దాల నాటిది. ఊరికి దూరం, పైగా చెమ్మ. 19వ శతాబ్దంలో ఊళ్లోనే కొత్తది కట్టుకుని దీన్ని వదిలేశారు. మూలంలో 'దెజఫెక్తె' అని ఉంటే 'పాడుబడ్డ' అని రాశాను. తర్వాత ఫొటో చూస్తే మనసొప్పలేదు. గంటగోపురమూ, దాని మీద రాతితోనే కట్టిన పిరమిడ్ కప్పూ దిట్టంగా ఉన్నాయి. పక్క నడవలు పోయాక రాళ్లతో మూసేసిన కమానులు కూడా గోడలో వరసగా కనబడుతున్నాయి. ఇందులో పాడైనదేమిటి?

వ్యాఖ్య: 'పాడుబడ్డ' వద్దండి. పాడుబడ్డ బావి, పాడుబడ్డ కొంప అంటే తొంగిచూడటానికే భయం. 'నిరుపయోగ' అంటే ఆఫీసు ఫైలు వాసన. మనకు 'ధూపదీప నైవేద్యాలకు నోచుకోని గుడి' అనే మాట ఉండనే ఉంది. గోడల ఊసెత్తకుండా పూజ ఆగిందని చెబుతుంది.

వ్యాఖ్య: ఫ్రెంచి మాట కూడా గోడల ఊసెత్తదు. 'అఫెక్తె' అంటే ఇక్కడ ఫలానా పనికి కేటాయించినది. ముందు 'దె' చేరితే ఆ కేటాయింపు పోయినట్టు. అభిమానం సన్నగిల్లడాన్ని 'దెజఫెక్సియోఁ' అంటారు, అది వేరు. ఈ రెండింటి దగ్గర నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టం తర్వాత ఇది పక్కా న్యాయ పదం. అప్పటికే ఉన్న పల్లె చర్చిలు చాలా వరకు కమ్యూన్ సొత్తు, అంటే మన పంచాయతీ లాంటిది. వాటిలో ఆరాధన చేసుకునే హక్కు విశ్వాసులది. వరుసగా ఆరు నెలలకు పైగా ఆరాధన జరగకపోతే ఆ హక్కు రద్దు చేయవచ్చు, కానీ తలుపుకు తాళం పడితే చాలదు, ఉత్తర్వు రావాలి. తాన్ వాళ్లు ఆ చట్టానికి చాలా ముందే వదిలేశారు కాబట్టి మీకు ఈ తిరకాసు లేదు. ఇంకో సంగతి. ఫ్రాన్స్ 1840లో వేసిన మొట్టమొదటి చారిత్రక కట్టడాల జాబితాలోనే ఈ చర్చి ఉంది. దాన్ని 'పాడుబడ్డ' అనడం అన్యాయం.

వ్యాఖ్య: మేము కథోలికులం. ధూపమూ దీపమూ మా గుడిలోనూ ఉన్నాయి, నైవేద్యమే అతకదు. ఆదివారం మేము 'పూజకు వెళ్లొచ్చాం' అంటాం. 'పూజలు నిలిచిన చర్చి' అనండి.

వ్యాఖ్య: మా సంఘంలో పూజ అనరండి, ఆరాధన అంటాం.

వ్యాఖ్య: 12వ శతాబ్దపు నార్మండీలో మీ సంఘం ఎక్కడిదండీ!

పోస్టు రాసినవారు: అందరికీ ధన్యవాదాలు. ఫొటో కింద 'పూజలు నిలిచిన పాత చర్చి' అని పెట్టి మా అక్కకు చూపించాను. "ఇన్నేళ్లయినా పూజలు నిలిచాయా, గొప్పే!" అంది. 'పూజలు ఆగిన' అని దిద్దాను.