కొట్టు లెక్కల ప్రోగ్రాంకి టికింటర్ చాలదా, పైసైడ్‌కి మారాలా?

పర్లాకిమిడి ఎరువుల కొట్టు:
మాది ఎరువులు, విత్తనాల కొట్టు. అరువు ఖాతాల కోసం పైథాన్‌లో నేనే ఓ ప్రోగ్రాం రాసుకుంటున్నాను. కొట్లో విండోస్ 10, ఇంట్లో లినక్స్ మింట్, రెండింట్లోనూ నడవాలి. పాతపట్నం వైపు రైతులకి తెలుగులో, కాశీనగర్ వైపు వాళ్లకి ఒడియాలో చీటీ ఇవ్వాలి. తెర మీద కిటికీలు, బటన్లు గీసే టికింటర్‌తో మొదలెట్టాను. కొట్లో అంతా బాగుంది. రాత్రి ఇంటికొచ్చి తెరిస్తే "లక్ష్మి" అన్న పేరు క పొల్లు, ష పొల్లు, మి అని విడివిడిగా పడింది. ఒక్క వత్తూ అక్షరం కిందకి దిగలేదు. ఒడియాలో జగన్నాథ అని కొట్టినా అదే గతి. నోటో ఫాంటు పెట్టి చూశాను, మారలేదు. ఇందులోనే సర్దుకోవాలా, అదే పని క్యూటీతో చేసే పైసైడ్‌కి పోవాలా?

సిరొంచ పత్తి వ్యాపారి:
మారకు అన్నా. మా తూకం కాడ ఉన్న కంప్యూటర్ల విండోస్ 7 ఉంది, ర్యామ్ 2 జీబీ. కొత్త పైసైడ్ లోపలుండే క్యూటీ 6 దాని మీద నడవనే నడవదు, విండోస్ 10 కావాలె. పైథాన్ సుత విండోస్ 7కి 3.8 తోనే ఆగిపోయింది. టికింటర్ అయితే పైథాన్ వెంబడే వస్తది. ప్రోగ్రాం మొత్తం మూట కడితే నాకు 12 ఎంబీ అయింది, పైసైడ్‌తోని కడితే 50 దాటింది. మార్చినప్పుడల్లా అంత ఫైలు ఎవరు దించుకుంటరు? నాకు రెండేండ్ల నుంచి టికింటర్‌తోనే పని నడుస్తున్నది.

బరంపురం మాస్టారు:
తమ్ముడూ, నీ కంప్యూటర్ విండోస్ కాబట్టి నడుస్తున్నది. అక్కడ టీకే, అంటే టికింటర్ లోపల తెర గీసే భాగం, అక్షరాలు పేర్చే పని విండోస్‌కే అప్పగిస్తుంది. లినక్స్‌లో టీకే 8.6కి ఆ సాయం లేదు. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కి 7 సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. క కింద ష వత్తు ఎలా రావాలో ఫాంటులో నియమం ఉంటుంది, ఆ నియమం చదివి అమర్చేవాడు వేరే ఉండాలి. ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. క్యూటీ దాన్ని తనతోనే తెచ్చుకుంటుంది, అందుకే ఏ కంప్యూటర్‌లోనైనా వత్తులు కుదురుగా కూర్చుంటాయి. కాబట్టి ఫాంటు మార్చి లాభం లేదు బాబూ, తప్పు ఫాంటుది కాదు. పైథాన్ వెంబడే వస్తుందన్న మాటా అంతటా నిజం కాదు. మింట్, ఉబుంటులలో పైథాన్3-టీకే అన్న ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.

రాయగడ విద్యార్థి:
కస్టమ్‌టికింటర్ వాడొచ్చు కదా మాస్టారూ, చూడ్డానికి కొత్తగా ఉంటుంది. లేదంటే కివీ అన్న ఇంకో లైబ్రరీ, అది ఫోన్లోనూ నడుస్తుంది.

బరంపురం మాస్టారు:
కస్టమ్‌టికింటర్ లోపల ఉన్నదీ టీకేనే నాన్నా. బటన్లు గుండ్రంగా వస్తాయి గానీ వత్తులు రావు. కివీ ఫోన్‌కి మంచిదే. కానీ దానితో వచ్చే రోబోటో ఫాంటులో తెలుగు లేదు, ఒడియా లేదు. వేరే ఫాంటు ఇవ్వకపోతే పేర్ల బదులు డబ్బాలు కనిపిస్తాయి. ఒకే గడిలో రెండు లిపులు కావాల్సిన కొట్టుకి అది సరిపడదు.

సిరొంచ పత్తి వ్యాపారి:
వత్తుల సంగతి ఒప్పుకుంట. మరి లైసెన్స్ సంగతి? రేపు పక్క కొట్టాయనకు అమ్మితే, పైసైడ్ లెక్కనే క్యూటీ మీద నడిచే పైక్యూటీ వాళ్లకు పైసలు కట్టాలె అంటరు.

బరంపురం మాస్టారు:
అది పైక్యూటీ మాట. దానికి జీపీఎల్ అన్న లైసెన్స్, అంటే కొన్నవాళ్లకి నీ కోడ్ కూడా ఇవ్వాలి, లేదా డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలి. పైసైడ్ అంతకన్నా సడలింపున్న ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది. షరతులు పాటిస్తే నీ కోడ్ నీ దగ్గరే ఉంచుకుని అమ్ముకోవచ్చు. కోడ్ రాయడం రెండింట్లోనూ దాదాపు ఒకటే. లైసెన్స్ ముందే చూసుకోవాలి, పైసింపుల్‌జీయూఐ అన్న ఇలాంటి లైబ్రరీ 2024లో ఎల్‌జీపీఎల్ వదిలేసి వ్యాపార లైసెన్స్‌కి మారింది చూశారుగా.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యం. చీటీ అచ్చు కావాలన్నాడు ఈ అబ్బాయి. టీకే 8.6లో ప్రింటింగ్ లేదు. క్యూటీలో క్యూప్రింటర్ ఉంది, తెర మీద కనిపించిన వత్తే కాగితం మీద పడుతుంది. అప్పు చీటీ మీద రైతు తన పేరు చూసుకుంటాడు. ఈ సరిహద్దులో మన పేర్లు ఇప్పటికే కార్డుకో రకంగా, ఒడియాలో ఒకలా ఇంగ్లీషులో ఒకలా నలిగిపోయాయి. మనం రాసే ప్రోగ్రాంలోనైనా సరిగ్గా పడాలి. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన పర్లాకిమిడిలో కూర్చుని పొల్లులు తేలిన తెలుగు అచ్చు వేస్తానంటే నేను ఒప్పుకోను.

పర్లాకిమిడి ఎరువుల కొట్టు:
మాస్టారూ, నిన్న రాత్రి ఖాతా తెర ఒక్కటే పైసైడ్‌6లో మళ్లీ రాశాను. లక్ష్మి, అప్పలస్వామి, స్త్రీ, రాష్ట్రం, ఒడియాలో జగన్నాథ, అన్నీ మింట్‌లో సరిగ్గా పడ్డాయి. లెక్కల కోడ్ విడి ఫైల్లో ఉండబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఫైలు పెద్దదే, పెన్‌డ్రైవ్‌లో కొట్టుకి పట్టుకెళ్తాను. తెరుచుకోవడం మాత్రం టికింటర్ కన్నా ఆలస్యం, అది నాకు బాధగానే ఉంది.

సిరొంచ పత్తి వ్యాపారి:
అయితే నా విండోస్ 7 మాటేంది?

బరంపురం మాస్టారు:
పైథాన్ 3.8 మీద పాత పైసైడ్2 వెయ్యి. దాని లోపలుండేది క్యూటీ 5.15, విండోస్ 7లో నడుస్తుంది. ముందు నీ ఖాతాలో వత్తులు ఎక్కువున్న పేర్లు పది తీసి కొట్టి, అచ్చు వేసి చూడు. అవి కుదిరాకే మిగతా తెరలు మార్చు.