పిట్టల కోసం పొదలు: లాంటానా పెట్టాలా, కలివి పెట్టాలా?

కొత్తిల్లు_హన్మకొండ: వడ్డేపల్లి వైపు ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ లోపల 4 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున మట్టి మిగిలింది. పూలు పూసి చిన్న పండ్లు కాసే పొదలు పెడితే పిట్టలు వస్తాయని ఆశ. పాలపిట్ట వస్తే ఇంకా సంతోషం. మృగశిర లోపు గుంతలు తీయించాలి. ఏం పెట్టమంటారు?

పచ్చబాల్కనీ: లాంటానా పెట్టండి అక్కా. నీళ్ళు పెద్దగా అడగదు, ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది. ఆ నల్ల పండ్లకు పికిలిపిట్టలు వాలని రోజు లేదు. మా ఇంట్లో ఆరేళ్ళుగా ఉంది.

ఊరిచెల్క: ఆ పని మాత్రం చేయకండమ్మా. లాంటానా అంటే పులికంప. అమెరికా ఖండం నుంచి తోటల అందానికి తెచ్చిన మొక్క, ఇప్పుడు అడవులనే కమ్మేసింది. మీరు మురిసిపోయే ఆ పికిలిపిట్టే పండు తిని, గింజను ఎక్కడో చెలకలో రెట్టతో వేస్తుంది. మీకు ప్రహరీ ఉంది, పిట్టకుందా? కలివి పెట్టండి, మన గుట్టల మీద చెట్టు. మల్లెల్లాంటి తెల్లపూలు, వానలు మొదలయ్యే వేళకు నల్లగా పండే కాయలు. ఆ ముళ్ళ మధ్య గూడు కడితే పిల్లి తలపెట్టలేదు. పక్కన బలుసు పెట్టండి.

పచ్చబాల్కనీ: సార్, నర్సరీలో అమ్మేది గింజ కట్టని రకం. అడవిలోది వేరు.

ఊరిచెల్క: గింజ కట్టకపోతే మీ పికిలిపిట్టలు ఆరేళ్ళుగా ఏం తింటున్నట్టు?

కాజీపేట_రైలు: అన్న దొరకబట్టిండు!

పిట్టలపిచ్చి: పాలపిట్ట పండ్లకు రాదు. కరెంటు తీగ మీద కూర్చుని నేల మీది మిడతల్ని, పురుగుల్ని చూస్తుంటుంది. పురుగుల మందు కొట్టడం మానండి, అదే మొదటి మొక్క అనుకోండి. పికిలిపిట్టలు కూడా పిల్లలకు ఎక్కువగా పురుగులే పెడతాయి. తేనెపిట్టకు రేక మందారం చాలు.

పచ్చబాల్కనీ: ఒక్క మాట పట్టుకుని ఎగతాళి చేయడం సులువే. కలివి కోసం మూడు నర్సరీలు తిరిగాను, ఒక్కచోటా లేదు. లేని చెట్టు పెట్టమని చెప్పడం సలహానా?

ఊరిచెల్క: ఎగతాళి కాదు. కరువు ఏడాది మేత లేక మా ఎద్దు ఆ ఆకే మేసింది. కామెర్లు వచ్చాయి, ఎండ తగిలినచోటల్లా ముట్టె తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. తొమ్మిదో రోజు పోయింది. మీకది పూలకుండీ, నాకది ఆ ఎద్దు.

పచ్చబాల్కనీ: మీ ఎద్దు సంగతికి బాధగానే ఉంది. కానీ నా సంగతీ వినండి. మునుపటి ఇంట్లో జామ, సీతాఫలం పెట్టాను. కాయ ముదిరేసరికి కోతుల గుంపు దిగింది. డాబా మీద వడియాలు ఎండబెడుతున్న మా అత్తమ్మ మీదికి ఒకటి దూకితే ఆమె పడి చెయ్యి విరిగింది. మేం ఆసుపత్రిలో ఉండగా పక్కింటివాళ్ళు గోడ దిగి వచ్చి రెండు చెట్లూ మొదలంటా కొట్టేశారు. వాళ్ళనీ ఏమనలేకపోయాను. అందుకే ఈసారి మనిషికీ కోతికీ పనికిరాదనుకున్న పండు వెతుక్కున్నాను.

ఊరిచెల్క: ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది కదమ్మా. కోతుల విషయంలో నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్ళో మక్కచేను వదలడం లేదు, కలివిని వదులుతాయా? అయినా దానికోసం పులికంప పెట్టమని మాత్రం చెప్పను.

కొత్తిల్లు_హన్మకొండ: ఇదంతా మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఇంటి ముందు ముళ్ళ చెట్టు వద్దన్నారు, అంతే. ముందు రేక మందారం, నూరువరహాలు పెట్టి, వెనక గోడకు ఒక్క కలివి పెడతాను. మొక్క ఎలా?

ఊరిచెల్క: కొనే పని లేదు. ఇప్పుడు పండ్ల కాలమే. గుజ్జు కడిగి గింజను వెంటనే నాటండి, పాతబడితే మొలవదు.

పచ్చబాల్కనీ: కాయడానికి ఎన్నేళ్ళు పడుతుందో అదీ చెప్పండి.

ఊరిచెల్క: మూడేళ్ళ పైమాటే.

పచ్చబాల్కనీ: నా కుండీ రెండో నెలకే పూసింది.