వైజాగ్ ఉప్పుగాలిలో కారుకి వాక్స్: అవసరమా, దండగ ఖర్చా?

పెదవాల్తేరు వాసి:
మా ఇల్లు బీచ్ రోడ్డుకి రెండు వీధుల ఇవతల. కారు రాత్రంతా ఆరుబయటే ఉంటుంది. తెల్లారి బానెట్ మీద వేలు రాస్తే జిగట తగుల్తుంది, అంతా ఉప్పుతేమ. కారు కడిగే కుర్రాడు వాక్స్ పెట్టిస్తే తుప్పు పట్టదంటున్నాడు. మా బావగారు శుద్ధ దండగంటున్నారు. చేయించినవాళ్లు చెప్పండి.

గాజువాక డ్రైవర్:
నా ఓటు మీ బావగారికే. తుప్పు బానెట్ మీద మొదలవ్వదండీ. కారు అడుగున, చక్రాల గూళ్లలో, డోరు కింద నీళ్లు పోయే కన్నాల దగ్గర, రాయి తగిలి పెచ్చు లేచిన చోట మొదలవుతుంది. అక్కడ వాక్స్ ఎవరు రాస్తారు? ఆ డబ్బుతో అడుగుభాగం నీళ్లు కొట్టించి కడిగించండి, అండర్‌బాడీ కోటింగ్ వేయించండి.

మద్దిలపాలెం:
తుప్పు వరకు గాజువాక గారన్నది నిజం. దండగ అంటే మాత్రం ఒప్పుకోను. రంగు మీదుండే క్లియర్ కోట్ (రంగులేని పైపొర) మందం సుమారు 40-50 మైక్రాన్లే. కాకి రెట్ట పడి మే నెల ఎండలో ఒక పూట ఉందంటే అందులోకి మచ్చ దిగిపోతుంది. వాక్స్ ఉంటే రెట్ట ముందు ఆ పొరని తినాలి, ఈలోగా మనం కడిగేసుకోవచ్చు. మా కారు కానుగచెట్టు కిందే ఉంటుంది, ఆ తేడా రోజూ చూస్తున్నాను.

సీతమ్మధార:
అసలు చిక్కు పేరులో ఉంది. మన దగ్గర అన్నిటినీ 'పాలిష్' అనేస్తారు. రెండేళ్ల కిందట ఒకచోట 'వాక్స్ పాలిష్' అని బిల్లు వేసి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెషీన్ పెట్టి రుద్దేశారు. ఇంటికొచ్చి ఎండలో చూస్తే నల్ల బానెట్ నిండా సాలెగూడు గీతలు. ఏడుపొచ్చింది. కాంపౌండ్ పైపొరని అరగదీస్తుంది, వాక్స్ దాని మీద ఇంకో పొర వేస్తుంది. డబ్బా మీద ఏం రాసుందో చదివాకే చెయ్యి వెయ్యనివ్వండి.

గాజువాక డ్రైవర్:
సరే, ఆ పొర ఎన్నాళ్లుంటుంది? మా వైపు నల్లదుమ్ము పొద్దున్నే పొడిగుడ్డతో దులుపుతారు. ఆ గుడ్డే గీతలు పెడుతుంది. వాక్స్ దాన్ని ఆపదు కదా.

మద్దిలపాలెం:
ఆపదు. పొడిగుడ్డ మానెయ్యాల్సిందే, ముందు నీళ్లు పొయ్యాలి. ఇక మన్నిక అంటారా, కార్నౌబా అనేది బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మైనం. మెరుపు బాగా ఇస్తుంది గానీ ఒకటి రెండు నెలలే. సింథటిక్ సీలెంట్, అంటే వాక్స్ లాగే రాసుకునే రసాయన పూత, నాలుగైదు నెలలు వస్తుంది. నేను సీలెంటే వాడతాను. గిన్నెల సబ్బుతో కడుగుతూ ఉంటే ఏదైనా తొందరగా పోతుంది.

పెదవాల్తేరు గారూ, వాక్స్ కొనేముందు ఒక పని చెయ్యండి. కారు కడిగి, చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ నిమరండి. గరుకు తగిలితే దుమ్ము, ఇనుప రేణువులు రంగులో దిగబడ్డట్టే. ముందు క్లే బార్‌తో (రంగు మీద రుద్దే మెత్తటి బంకముద్ద) అవి తియ్యాలి, లేకపోతే వాక్స్ కింద అవి అలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, పల్చగా రాయండి. మసక కట్టాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. బంపరు నల్ల ప్లాస్టిక్‌కి తగలనివ్వకండి, తెల్లమరకలు పడతాయి.

పెదవాల్తేరు వాసి:
ఇప్పుడే కవరుతో చూశాను. డోర్లు నున్నగా ఉన్నాయి, బానెట్, టాపు మాత్రం ఉప్పుకాగితమే. ఈ ఆదివారం అడుగు కడిగిస్తాను. వచ్చే ఆదివారం క్లే పెట్టి, సీలెంట్ నేనే రాసుకుంటాను.

గాజువాక డ్రైవర్:
అడుగుభాగం పని ముందు పెట్టుకున్నారు, సంతోషం. డోరు కింద కన్నాలు మూసుకుపోయాయేమో కూడా చూడండి.