‘డైసీ’ అంటే ప్రమాదకరమేనా?

అనువాదకురాలు: ఒక ఇంగ్లిష్ కథలో పైలట్ ‘వాతావరణం డైసీగా (dicey) ఉంది’ అంటాడు. ‘ప్రమాదకరంగా ఉంది’ అని రాశాను. సంపాదకులు కొట్టేశారు. నిఘంటువులో ‘రిస్కీ’ అనే ఉంది కదా, నా తప్పేమిటి?

పాతకోట: తప్పేమీ లేదండీ. డైస్ అంటే పాచికలు. జూదం కొంప ముంచుతుంది కాబట్టి ఆ అర్థం వచ్చింది. జూదం ఎంత పాతదో ఈ మాటా అంత పాతదే. రెండో ప్రపంచ యుద్ధకాలపు పైలట్లు పుట్టించారని కొందరంటారు, అది కట్టుకథ.

మాటలమూట: రెండింటికీ ఒప్పుకోను. డైస్ అనే నామవాచకం 14వ శతాబ్దం నుంచీ ఉంది. డైసీ అనే విశేషణం వాడుకలోకి వచ్చింది మాత్రం 20వ శతాబ్దం నడుమ. నిఘంటుకారులు దాన్ని బ్రిటిష్ వైమానిక దళం వాడుకతోనే ముడిపెడతారు. అది కట్టుకథ ఎలా అవుతుంది? శత్రువుల తీరం మీద బాగా కిందికి దిగి ఫొటోలు తీసే ప్రయాణాలను ఆ రోజుల్లో ‘డైసింగ్’ అనేవారు. 1944 మే నెలలో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రదేశాల దాడికి ముందు, అమెరికన్ పైలట్లు తుపాకులు లేని ఎఫ్-5 విమానాల్లో అలాగే వెళ్లి ఒడ్డున పాతిన అడ్డంకులను ఫొటో తీసుకొచ్చారు. తిరిగి రావడం వాళ్ల చేతిలో లేదు. ఈ మాటకు ప్రాణం అక్కడుంది: అపాయం కన్నా, ఫలితం మన చేతిలో లేకపోవడం.

పాతకోట: పైలట్ల సంగతి ఒప్పుకుంటాను. అర్థం దగ్గర ఒప్పుకోలేను. హాజర్డ్ కూడా ఒకప్పుడు పాచికల ఆట పేరే. ఇప్పుడు దానికి ప్రమాదమనే అర్థం. డైసీ ఆ దారి పట్టకూడదా?

మాటలమూట: హాజర్డ్ విషయం నిజమే, అది ఆ దారిలో చివరిదాకా వెళ్లింది. డైసీ ఇంకా వెళ్లలేదు. రైలు అందుతుందో లేదో తెలియకపోయినా డైసీ అంటారు, అందులో ప్రాణాపాయమేముంది? మనకు ‘గాలిలో దీపం’ ఉంది, దానికి బాగా దగ్గర. పాచికల మాట మాత్రం తెలుగులోకి తేకండి. మన చెవికి పాచిక అంటే శకునే. ‘పాచిక పారింది’ అంటే ఎత్తు ఫలించిందని, అదృష్టం కలిసొచ్చిందని కాదు.

అనువాదకురాలు: పైలట్ నోట గాలిలో దీపం బరువవుతుందేమో. ‘ఈ వాతావరణాన్ని నమ్మలేం’ అని మార్చి పంపుతున్నాను.

పాతకోట: అది బాగుంది. ‘ప్రమాదకరం’ కన్నా బాగుంది.